మీవారు మునుపటిలా లేరా?

పొద్దున లేచింది మొదలు ఇంట్లో ఎవరికేం కావాలో మనకే తెలియాలి. పెద్దవాడికి పులుపు పడదు, చిన్నదానికి కారం పడదు, అత్తగారి బీపీ మాత్ర ఎనిమిదింటికి... ఇన్ని గుర్తుపెట్టుకునే మనం ఇంటాయన ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి "ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నాడు" అనేసుకుంటాం. ఆయనా అదే అంటాడు. అక్కడితో ఆ మాట అయిపోతుంది.

ధరూర్‌లో ఒక ఇల్లు ఊహించుకుందాం. జోగుళాంబ గద్వాల జిల్లాలో, కృష్ణ మీద జూరాల ఆనకట్ట ఉన్న మండలం అది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. సీడు పత్తికి పేరున్న ప్రాంతం. పట్నంలో ఉండే సోదరీమణులకు ఈ సీడు పత్తి పనేమిటో తెలియకపోవచ్చు. సాయంత్రం మొగ్గను విప్పి అందులోని మగ భాగాన్ని గిల్లి తీసేసి, మర్నాడు పొద్దున వేరే రకం పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. ఒక్కొక్క పువ్వుకూ చేత్తోనే! క్రాసింగ్ అంటారు దాన్ని. ఈ పనిలో ఎక్కువ చేతులు ఆడవాళ్ళవే.

ఆ ఇంటాయనకు నలభై రెండు, నలభై మూడు ఉంటాయి. పెట్టుబడికి తెచ్చిన అప్పు, కూలీలు, మందు కొట్టడం, వాన వస్తుందా రాదా అన్న బెంగ... ఇవన్నీ ఏటా ఉన్నవే. కానీ ఏడాదిగా మనిషి మారాడు. పొలం నుంచి రాగానే మంచం మీద వాలిపోతాడు. ఇదివరకు రెండు రోజులకోసారి గడ్డం గీసుకునేవాడు, ఇప్పుడు వారమైనా పెద్దగా పెరగడం లేదు. పొట్ట ముందుకొచ్చింది, దండలు సన్నబడ్డాయి. పిల్లలు గట్టిగా నవ్వినా కసురుకుంటాడు. రాత్రి గోడవైపు తిరిగి పడుకుంటాడు. "ఏమైందయ్యా, ఒంట్లో బాగలేదా?" అని అడిగితే, "ఏం లేదులే, పండుకో" అంటాడు.

ఆమెకు మొదట తన మీదే అనుమానం వస్తుంది. ఇద్దరు పిల్లల తర్వాత నేను లావయ్యాను కదా, అందుకేనేమో అనుకుంటుంది. తర్వాత ఆయన మీద వస్తుంది. ఇంకెవరైనా ఉన్నారేమో! ఆయన ఒంట్లోనే ఏదో తక్కువైందేమో అన్న మూడో ఆలోచన రావడానికి ఏడాది, రెండేళ్ళు పడుతుంది. మనం మాట్లాడుకోవలసింది ఆ మూడో ఆలోచన గురించి.

మగవాళ్ళ ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే హార్మోను ఉంటుంది. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి కబురు పంపితే, వృషణాలు దీన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. యుక్తవయసులో గొంతు మారడం, మీసం రావడం దీని వల్లే. చాలామందికి ఇంతవరకే తెలుసు, దీన్ని పడకగది హార్మోను అనుకుంటారు. నిజానికి దీని పని ఇల్లంతా ఉంటుంది. కండ నిలబడడానికి ఇది కావాలి. ఎముక గట్టిగా ఉండడానికి కావాలి. రక్తం పట్టడానికి కావాలి. మనసు హుషారులో కూడా దీనికి భాగం ఉంది. అందుకే ఇది బాగా పడిపోయినప్పుడు కోరిక తగ్గడంతో పాటు నీరసం, చిరాకు, దిగులు, పొట్ట పెరగడం, కొందరిలో రొమ్ములు ఉబ్బడం, రక్తహీనత కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే ఎముకలు గుల్లబారతాయి. రక్తం తక్కువ, ఎముకలు బలహీనం అనగానే ఆడవాళ్ళ జబ్బులనుకుంటాం కదా! మగవాడికి హిమోగ్లోబిన్ 13 కన్నా తగ్గిందంటే, ఎందుకు తగ్గిందో వెతకాల్సిందే.

"అయితే మగవాళ్ళకూ ముట్లుడిగే వయసు లాంటిది ఉందా?" అని అడుగుతారేమో. లేదు. మనకు యాభై దగ్గర కొద్ది ఏళ్ళలోనే హార్మోన్లు గబగబా పడిపోతాయి. మగవాళ్ళకు అలా కాదు. నలభై దాటాక ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున, బిందెకు సన్నటి చిల్లు పడ్డట్టు మెల్లగా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న చాలామందికి డెబ్భైలో కూడా సరిపోయినంత ఉంటుంది. ఐరోపాలో 40 నుంచి 79 ఏళ్ళ మగవాళ్ళు మూడు వేలమందికి పైగా పరీక్షించి 2010లో ప్రకటించిన అధ్యయనంలో, లక్షణాలూ ఉండి, రక్తంలో హార్మోనూ తక్కువ ఉన్నవాళ్ళు నూటికి ఇద్దరే తేలారు. అంటే నలభై దాటిన ప్రతివాడికీ ఇదే జబ్బు అనుకోకూడదన్న మాట.

కానీ బస్సెక్కి గద్వాల వైపో, కర్నూలు వైపో వెళ్తూ గోడల మీద రాతలు చూడండి. "నరాల బలహీనతా? ఒక్క కోర్సుతో పూర్వ యవ్వనం!" మనం తల తిప్పుకుంటాం, మగవాళ్ళు ఓరకంట ఫోన్ నంబరు చదువుకుంటారు. ఇప్పుడైతే గోడల దాకా కూడా పోనక్కర్లేదు, చేతిలోని సెల్‌ఫోన్‌లోనే వస్తున్నాయి. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటనలివ్వడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ఆ చట్టానికి డెబ్భై ఏళ్ళు దాటినా రాతలు మాత్రం ఏటా కొత్త రంగు వేసుకుంటూనే ఉన్నాయి!

ఈ ఆశ మనవాళ్ళకు మాత్రమే ఉన్నదీ కాదు. 1889లో ఫ్రాన్సులో బ్రౌన్-సెకార్ అనే పేరున్న శాస్త్రవేత్త, డెబ్భై రెండేళ్ళ వయసులో, కుక్కల, గినీపందుల వృషణాల రసం తనకు తానే సూదితో ఎక్కించుకుని, మళ్ళీ కుర్రవాడినయ్యానని సభలో చెప్పాడు. అందులో హార్మోను దాదాపు లేనేలేదని తర్వాత తేలింది. కలిగిన బలమంతా నమ్మకమే! అసలు హార్మోనును 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేరుచేశారు. వంద కిలోల ఎద్దు వృషణాల నుంచి వాళ్ళకు దక్కింది పది మిల్లీగ్రాములు. అదే ఏడాది దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి కనుక్కున్న బూటెనాంట్, రుజీకాలకు 1939లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడది ఇంజెక్షన్‌గా, జెల్‌గా డాక్టరు చీటీ మీద దొరుకుతుంది. చీటీ లేకుండా కూడా దొరుకుతోందన్నదే బాధ.

పొగ ఇక్కడ, నిప్పు ఎక్కడ?

చాలామందిలో టెస్టోస్టిరాన్ తగ్గడం అసలు జబ్బు కాదు, జబ్బు తాలూకు పొగ. నిప్పు వేరేచోట ఉంటుంది. దాన్ని చూడకుండా పొగకు మందు వేస్తే ఇల్లు కాలుతుంది.

అన్నిటికన్నా ముందు షుగరు. అమెరికాలో పనిచేసే పరేష్ దండోనా అనే మన భారతీయ వైద్యుడి బృందం 2004లో నూటముగ్గురు మధుమేహం ఉన్న మగవాళ్ళను పరీక్షిస్తే, మూడో వంతుమందికి ఈ హార్మోను తక్కువగా ఉంది. షుగరూ పొట్టా అక్కాచెల్లెళ్ళ లాంటివి. పొట్టలో పేరుకున్న కొవ్వు టెస్టోస్టిరాన్‌ను ఆడవాళ్ళ హార్మోనైన ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. హార్మోను తగ్గితే కండ తగ్గి కొవ్వు ఇంకా పెరుగుతుంది. గానుగెద్దులా తిరుగుతుందిది. మన దేశపు మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై అయిదున్నర అంగుళాలు దాటితే జాగ్రత్తపడాలంటారు. మీ కుట్టుమిషన్ టేపు చాలు. బొడ్డు దగ్గర కొలవండి, ప్యాంటు కట్టుకునే చోట కాదు!

తర్వాత నిద్ర. ఈ హార్మోను ఎక్కువగా నిద్రలోనే తయారవుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళను వారం రోజులు రాత్రికి అయిదు గంటలే నిద్రపోనిస్తే, పగటిపూట వాళ్ళ టెస్టోస్టిరాన్ పది, పదిహేను శాతం పడిపోయిందని 2011లో చికాగోలో చేసిన పరిశీలన చెప్పింది. కరెంటు ఎప్పుడొస్తుందోనని మోటారు దగ్గర జాగారాలు చేసిన రైతులు మన పల్లెల్లో ఎంతమంది లేరు! ఇంకొకటి గురక. గురక పెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఒక్కసారిగా ఎగశ్వాసతో కదులుతున్నారా? అది మామూలు గురక కాదు, నిద్రలో శ్వాస ఆగే జబ్బు. ఈ సంగతి ఆయనకు తెలియదు. ప్రపంచంలో దీనికి సాక్షి మీరొక్కరే.

మందు సంగతి చెప్పక్కర్లేదు. రోజూ తాగే సారాయం కాలేయాన్నీ వృషణాలనూ రెంటినీ దెబ్బతీస్తుంది. పాలమూరు వైపు కల్లు సంగతి వేరే చెప్పాలి. చెట్టు కల్లు పేరుతో అమ్మే దానిలో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతున్నారని ఎన్నోసార్లు కేసులు పట్టుబడ్డాయి. ఆ మత్తుకు అలవాటుపడ్డ మనిషికి కోరికా ఉండదు, కోలుకునే ఓపికా ఉండదు. అయితే ఒక హెచ్చరిక. అలాంటి కల్లు ఒక్కరోజులో మానిపిస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. డాక్టరు చూస్తుండగా మాన్పించాలి.

ఒళ్ళు నొప్పులకు ఊళ్ళో ఎవరో ఇచ్చే పొట్లాల మాత్రలు కూడా ఒక కారణమే. వాటిల్లో స్టిరాయిడ్ ఉంటే, నెలల తరబడి వాడితే, ఈ హార్మోను తగ్గిపోతుంది. ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక సంచీలో వేసి డాక్టరుకు చూపించండి. పెద్దయ్యాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాచాయా, చిన్నప్పుడు వృషణం కిందికి దిగలేదన్నారా, ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా అన్నవి అత్తగారిని అడిగితే తెలుస్తాయి. అరుదుగా పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ ఉండవచ్చు. తలనొప్పితో పాటు పక్కల చూపు తగ్గుతుంటే ఆలస్యం చేయకూడదు.

ఇక్కడ కాస్త సిగ్గు పక్కనపెట్టి ఒక మాట చెప్పాలి. కోరిక ఉండి కూడా అంగస్తంభన కావడం లేదంటే, అది హార్మోను కన్నా రక్తనాళాల సమస్య అయ్యే అవకాశమే ఎక్కువ. అక్కడి నాళాలు గుండె నాళాల కన్నా సన్నవి కాబట్టి ముందు అవే పూడుకుంటాయి. గుండెపోటుకు రెండు మూడేళ్ళ ముందే ఈ లక్షణం కనిపించిన మగవాళ్ళు ఎందరో ఉన్నారంటారు వైద్యులు. మగవాడు సిగ్గుపడి దాచుకునే విషయం, ఆడది అలిగి ఊరుకునే విషయం... ఆయన గుండె కొట్టిన తలుపు చప్పుడు కావచ్చు!

పిల్లల కోసం వెళ్ళి...

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇది. పెళ్ళయి మూడేళ్ళయినా కడుపు పండలేదంటే మన ఊళ్ళలో పరీక్షలు, మొక్కులు, మాటలు అన్నీ కోడలికే. ఆఖరికి ఎవరో "అబ్బాయికి కూడా కొంచెం బలానికి సూది వేయిద్దాం" అంటారు. ఆ సూది టెస్టోస్టిరానే అయితే, జరిగేది సరిగ్గా తలకిందులు! బయటి నుంచి హార్మోను వస్తుంటే, ఇంక చాలు అనుకుని పిట్యూటరీ కబురు పంపడం మానేస్తుంది. వృషణాలు పని ఆపేస్తాయి. వీర్యకణాలు తగ్గుతూ తగ్గుతూ సున్నాకు చేరవచ్చు. ఇది ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికొక టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్‌ను మగవాళ్ళ గర్భనిరోధక సాధనంగా పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించింది. ఆరు నెలల్లో సగం మందికి పైగా వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయాయి. ఇంజెక్షన్ ఆపాక చాలామందికి తిరిగి వస్తాయి గానీ, దానికి నెలలు, ఒక్కోసారి ఏడాది, ఇంకా పైన పడుతుంది. ఆ ఏడాదంతా గొడ్రాలి మాట పడేది ఎవరో చెప్పాలా?

కాబట్టి బిడ్డలు కావాలనుకునే దంపతులు టెస్టోస్టిరాన్ ముట్టుకోకూడదు. ముందు ఆయనకు వీర్య పరీక్ష చేయించండి. అది చవకైన పరీక్ష, మన కడుపులో గొట్టాలు పెట్టి చూసే పరీక్షల కన్నా ఎంతో తేలిక. నిజంగా హార్మోను తక్కువైతే, పిట్యూటరీ పనిని అనుకరించే వేరే మందులున్నాయి. వాటితో సంతానానికి అడ్డు రాదు. వ్యాయామశాలకు వెళ్ళే కుర్రవాళ్ళు కండల కోసం తీసుకునే ఇంజెక్షన్లూ ఇవే రకం. పెళ్ళీడు కొడుకున్న తల్లులు ఒక కన్నేసి ఉంచండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మగవాడికి వేసెక్టమీ చేయిస్తే మగతనం పోతుంది, బరువు ఎత్తలేడు అన్న భయం ఊళ్ళలో బలంగా ఉంది. అందుకే తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి అరవై మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, మగవాళ్ళు వేళ్ళమీద లెక్క. టెస్టోస్టిరాన్ నేరుగా రక్తంలో కలుస్తుంది, వేసెక్టమీలో కట్టే గొట్టంలోంచి పోదు. ఆ గొట్టం వీర్యకణాల దారి మాత్రమే. కాబట్టి ఆ ఆపరేషన్‌తో హార్మోను తగ్గదు, బలమూ తగ్గదు. ఈ సంగతి భోజనాల వేళ కాకపోయినా, సమయం చూసి చెప్పండి.

మందు ఎవరికి?

లక్షణాలుండాలి, రక్తంలో హార్మోను తక్కువని రెండుసార్లు తేలాలి, కారణం వెతకాలి. అప్పుడు ఎండోక్రినాలజిస్టు, అంటే గ్రంథుల డాక్టరు, రాస్తే మందు మంచిదే. పిట్యూటరీ గడ్డ వల్లనో, వృషణాలు దెబ్బతినో నిజంగా హార్మోను లేనివాళ్ళకు అది జీవితాన్ని తిరిగి ఇస్తుంది. కానీ పూర్వ యవ్వనం రాదు. అమెరికాలో అరవై అయిదు దాటిన 790 మందికి ఏడాదిపాటు ఇచ్చి చూసి 2016లో చెప్పినదేమిటంటే, కోరిక కొంత మెరుగైంది గానీ నీరసం పెద్దగా తగ్గలేదు. గుండెపోటు తెస్తుందన్న భయం ఉండేది. అయిదు వేలమందికి పైగా మగవాళ్ళతో జరిగి 2023లో వెలువడిన పరీక్షలో గుండెపోట్లు, పక్షవాతాలు పెరగలేదు. అయితే గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కొంచెం ఎక్కువగా కనిపించాయి. రక్తం చిక్కబడవచ్చు కూడా. అందుకే వాడేవాళ్ళకు రక్తపరీక్షలు తప్పవు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్ళకు ఇవ్వరు.

జెల్ రాసుకునే ఇంట్లో ఇంకో జాగ్రత్త. ఆయన భుజానికి రాసుకున్న జెల్ చంటిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు తగలకూడదు. తండ్రి ఒంటి మీది జెల్ అంటుకుని చిన్నపిల్లల్లో అకాలంగా యవ్వన లక్షణాలు కనిపించిన కేసులు రావడంతో, అమెరికా ప్రభుత్వం 2009లో డబ్బా మీద పెద్ద హెచ్చరిక వేయించింది. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి, ఆరాక చొక్కా వేసుకోవాలి, ఆ చొక్కా విడిగా ఉతకాలి.

ఇక వంటింటి సంగతి. ఇది తింటే హార్మోను పెరుగుతుందని చెప్పే పదార్థం ఏదీ నాకు కనిపించలేదు. మునక్కాయకైనా అంత శక్తి లేదు, సినిమావాళ్ళు ఏం చెప్పినా సరే! పొట్ట తగ్గితే హార్మోను తనంతట తానే కొంత పెరుగుతుంది. అది మాత్రం నిజం. నడిగడ్డ ఇళ్ళలో దానికి కావలసినవన్నీ ఉన్నాయి. రాత్రి గిన్నెడు అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు. సాయంత్రం మిర్చిబజ్జీల బదులు గుప్పెడు ఉడికించిన పల్లీలు. జూరాల చేపలంటే జిల్లాలు దాటి వచ్చి తింటారు, కానీ అక్కడ వేయించే చేపలు కాదు, మీరు చింతపులుసు పోసి వండే చేపలు. గుడ్డు పిల్లలకు పెట్టి ఆయనకు మానేయకండి. టీలో చక్కెర మెల్లమెల్లగా సగం చేయండి, ఆయన కనిపెట్టడు.

"నాకేం రోగమొచ్చింది?"

డాక్టరు దగ్గరికి పోదామంటే ఆయన అనే మొదటి మాట ఇదే. మగతనం పరీక్ష అంటే అసలే కదలడు. ఆ పేరు ఎత్తకండి. "నాకు షుగరు చూపించుకోవాలి, తోడు రా" అనండి. ముప్ఫై దాటినవాళ్ళకు బీపీ, షుగరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చూస్తారు, ఆశా అక్కను అడిగితే ఏ రోజు రావాలో చెబుతుంది. మీరు చేయి చాపాక, "నువ్వు కూడా చూపించుకోరాదా, వచ్చినం కదా" అంటే కాదనడు. షుగరు, బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూశాక, డాక్టరుకు అవసరమనిపిస్తే టెస్టోస్టిరాన్ పరీక్ష ఆయనే రాస్తాడు. నీరసానికి సగం కారణాలు అక్కడే తేలిపోతాయి.

డాక్టరు గదిలోకి వెళ్ళేముందు మీకు తెలిసినవి ఒక కాగితం మీద రాసుకోండి. ఎప్పటి నుంచి మార్పు, గురక, గడ్డం, నడుము కొలత, తాగుడు, మాత్రల అట్టలు. పడక సంగతి మీ నోటితో చెప్పలేకపోతే అదే కాగితం మీద రాసి అందించండి. అత్తగారికీ, తోటికోడళ్ళకూ ఈ విషయం చేరనివ్వకండి. ఒకసారి నలుగురిలో పడితే ఆయన మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కడు.

టెస్టోస్టిరాన్ పరీక్షకు టైము ముఖ్యం. పొద్దుటిపూట హార్మోను ఎక్కువ ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది. కాబట్టి ఏడు నుంచి పది గంటల లోపు, ఏమీ తినకుండా రక్తం ఇవ్వాలి. సాయంత్రం తీసిన రక్తంలో తక్కువ వస్తే అది లెక్కలోకి రాదు. జ్వరం వచ్చిన వారంలో చేయించినా తప్పు లెక్కే వస్తుంది. మామూలుగా డెసిలీటరుకు 300 నానోగ్రాముల కన్నా తగ్గితే తక్కువ అంటారు. మొదటిసారి తక్కువొస్తే కొద్దిరోజులు ఆగి ఇంకో పొద్దున మళ్ళీ చేయించాలి. ఊళ్ళో కుదరకపోతే గద్వాలలోనో, కర్నూలులోనో, మహబూబ్‌నగర్‌లోనో ఇచ్చి రావాలి కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాల్సి ఉంటుంది. రెండు జొన్నరొట్టెలు, కాస్త పప్పు డబ్బాలో కట్టుకుని వెళ్ళండి. రక్తం ఇచ్చి బయటికొచ్చాక బస్టాండులో కూర్చుని ఇద్దరూ తినొచ్చు.